మూడు వేళ్ళ పట్టు

మధ్యాహ్నం ఆటకి ఇంకా ముప్పావుగంట టైముంది. వేదిక వెనక గదిలో ఇద్దరున్నారు: విల్లు ఎక్కుపెట్టే భార్య, తలమీద బుడగ పట్టుకుని ఆమెకి ఎదురుగా నిలబడే భర్త.

"...కాదండీ, నేను వదల్లేదు. అదే పోయింది."

"అదే పోవడమేమిటి? బాణానికి కాళ్ళొచ్చాయా?"

"నవ్వకండి. మీరు నవ్వితే నాకు ఏడుపొస్తుంది."

"నవ్వట్లేదు. సరిగ్గా చెప్పు. పూర్తిగా లాగావా, సగమే లాగావా?"

"సగమే. వింటినారి ఇంకా గడ్డం దాకా కూడా రాలేదు. వేళ్ళలోంచి జారి టప్పుమంది. నా వేళ్ళు విడిపోయిన సంగతి నాకు తెలియనే లేదు. బాణం పోయాక చూసుకుంటే చెయ్యి తెరిచి ఉంది."

"సాధన బస్తాకి తగిలిందా?"

"బస్తాకి తగిలితే మీకెందుకు చెబుతాను?"

"మరి?"

"వదిన కుర్చీకి."

"మా అక్క కుర్చీకా!"

"నెమ్మదిగా! గోడలకి చెవులుంటాయి. డ్రమ్ము పక్కన వేసుకుంటుంది చూడండి, ఆ కుర్చీ. వీపు ఆనించే చోట మెత్తలోంచి దూరి, మొన అవతలికి వచ్చింది. అప్పుడే లేచి టికెట్ల గదిలోకి వెళ్ళింది ఆవిడ. కుర్చీ ఇంకా వెచ్చగా ఉందండీ. చెయ్యి పెట్టి చూశాను."

"..."

"మాట్లాడరేం?"

"తనకి తెలుసా?"

"తెలియదు. బాణం పీకేసి శాలువా కప్పాను."

"పద్దెనిమిదేళ్ళకి ఆడబిడ్డ మీద కసి తీర్చుకోబోయావన్నమాట."

"చంపేస్తాను మిమ్మల్ని!"

"అదేగా ఇప్పుడు మన భయం."

"ఛీ, అవేం మాటలు? నోరు కడుక్కోండి."

"సరేలే. ఇది చెప్పు. రెండు నెలలుగా పొద్దుటి సాధన మానేశావు, బద్ధకమన్నావు. ఇవాళ ఎవరూ లేనప్పుడు విల్లెందుకు తీశావు?"

"ఊరికే. చెయ్యి చూసుకుందామని."

"చేతికేమైంది?"

"ఏం కాలేదు. ఏమండీ, నేనొకటి ఆలోచించాను."

"చెప్పు."

"పట్టు మార్చేస్తాను."

"మార్చు."

"..."

"ఏమిటలా చూస్తావు? మార్చమన్నాగా."

"దువ్వెన చోటు మారిస్తే మూడు రోజులు సణిగే మనిషి మీరు. ముప్ఫై ఏళ్ళ పట్టు మారుస్తానంటే ఎందుకని కూడా అడగరా?"

"దువ్వెన నాది. వేళ్ళు నీవి."

"తల మీది కదా!"

"తలలో ఏముందని అంత కంగారు? తగిలినా అటునించి ఇటు గాలే పోతుంది."

"మీకన్నీ ఎకసెక్కాలే. మా నాన్న నాకు తొమ్మిదో ఏట నేర్పిన పట్టు ఇది. బాణానికి పైన చూపుడువేలు, కింద నడిమివేలు, ఉంగరపు వేలు. నిద్రలో లేపి విల్లిచ్చినా నా వేళ్ళు అలాగే పోతాయి. అలాంటిది మారుస్తానంటే 'మార్చు' అంటారా, మంచినీళ్ళు తాగు అన్నట్టు?"

"మార్చాలని అన్నది నువ్వా, నేనా?"

"నేనే. మీరు వద్దంటారని కూడా నేనే అనుకున్నాను."

"నేను వద్దనను. మార్చు. ఏదో ఒకటి మార్చు. ఎన్ని పట్టులున్నాయి మొత్తం?"

"మీకు తెలియనివా?"

"నేను చూసేది అటువైపు నించి. అక్కడ నాకు కనిపించేది మొనే. వేళ్ళ సంగతి నాకేం తెలుసు? చెప్పు."

"మూడు వేళ్ళూ బాణం కిందే పెట్టొచ్చు. పైన ఏమీ ఉండదు. బాణం కంటికి దగ్గరికొస్తుంది. దగ్గర గురికి అది సుఖమంటారు."

"మరింకేం! దగ్గర గురే కదా మనది. ఇరవై అడుగులు."

"కిందకి పడుతుందండీ."

"ఏది?"

"బాణం. వెనక భాగం పైకి లేస్తుంది కదా, మొన దించినట్టే. అలవాటైన గురి పెడితే అలవాటైన చోట తగలదు. కిందకి దిగుతుంది."

"ఎంత కిందకి?"

"ఇలా రండి. గోడకి ఆనుకుని నిలబడండి. బుడగ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తండి. ఊఁ. బుడగ నడుమ ఇక్కడ. నా బాణం రోజూ తగిలేది ఇక్కడ. ఇక్కణ్ణించి జానెడు కిందకి..."

"నీ చెయ్యి మంచుగడ్డలా ఉందే."

"కదలకండి. ఎక్కడికొచ్చింది?"

"ముక్కు మొదట్లోకి. కళ్ళకి రెంటికీ సరిగ్గా మధ్యన. పక్షపాతం లేకుండా."

"ఏమండీ!"

"గురే జానెడు పైకి పెట్టుకుంటే సరిపోదా?"

"సరిపోతుంది. నెల్లాళ్ళు సాధన చేస్తే సరిపోతుంది. ముప్పావుగంటలో కాదు. లైట్లు వెలిగి, డ్రమ్ము మోగి, జనం ఊపిరి బిగబట్టాక చెయ్యి నా మాట వినదు. పాత గురికే పోతుంది. వేళ్ళేమో కొత్తవి, గురేమో పాతది. అప్పుడు..."

"సరే, సరే. అది వద్దు. నా ముక్కు నాకు ముద్దు. ఇంకోటి చెప్పు."

"రెండు వేళ్ళతో. పైన చూపుడువేలు, కింద నడిమివేలు. మూడోది తీసెయ్యడమే."

"దాంతో దిగిపోదుగా?"

"దిగదు. బాణం ఉన్నచోటే ఉంటుంది. పైగా నారికి అడ్డం తక్కువ, శుభ్రంగా వదులుతుంది. మా నాన్న ముసలితనంలో అలాగే వేసేవాడు."

"ఇదేదో బావుంది. ఇందులో తిరకాసేమిటి?"

"మూడు వేళ్ళ బరువు రెండే మొయ్యాలి."

"అంతేనా? చూద్దాం. పెట్టెలో పాత నారి ఉండాలి, తియ్యి."

"ఎందుకు?"

"నేను విల్లుని."

"మీరా?"

"బాణం లేకుండా అసలు విల్లు లాగి వదిలితే విరిగి ఊరుకుంటుంది. నన్ను లాగితే ఏం కాదు, ఇన్నేళ్ళుగా లాగుతూనే ఉన్నావుగా. రెండు కొసలూ చెరో చేతికి చుట్టుకుంటా. నువ్వు మధ్యలో రెండు వేళ్ళేసి లాగు. నేను లెక్కపెడతా."

"ఎంతదాకా?"

"అక్క డ్రమ్ము ఆపేదాకా ఎంతుంటుంది?"

"ఎనిమిది."

"ఎనిమిది లెక్కపెట్టేదాకా జారకూడదు. ఊఁ, లాగు. ఒకటి... రెండు... లాగుతున్నావా, ముచ్చటిస్తున్నావా?"

"లాగుతున్నా!"

"మూడు... నాలుగు... అయి..."

"అబ్బా!"

"అయిదు కాలేదు."

"ఇంకోసారి. సరిగ్గా పట్టుకోలేదు. వేలు గణుపు దగ్గర పెట్టాల్సింది."

"పెట్టు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... పోయింది."

"వేళ్ళు పండిపోయాయి. చూడండి ఎలా ఎర్రగా కమిలాయో."

"ఇప్పుడు మూడు వేళ్ళతో లాగు. పాత పట్టుతో."

"అదెందుకు?"

"ఎంత తేడా ఉందో చూద్దామని."

"అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

"అది తెలిసిందేగా. రోజూ చేసేదేగా."

"తెలిసిందే అయితే లాగడానికేం?"

"టైం లేదండీ, నేను ఇంకా జడ కూడా వేసుకోలేదు."

"లాగవే!"

"..."

"లాగు. ఒకటి... రెండు... మూడు... నాలుగు... జారింది."

"చెమట పట్టింది."

"నీ చెయ్యి ఎండు కట్టెలా ఉంది. చెమటేది? మూడోవేలు తీసేసినా నాలుగే. పెట్టినా నాలుగే. మరి ఆ మూడోవేలు ఏం చేస్తోందక్కడ?"

"..."

"నీళ్ళు నమలకు. ఏం చేస్తోంది?"

"పెళ్ళికొచ్చిన చుట్టంలా ఊరికే కూర్చుంది."

"కళ్ళు మూసుకో."

"ఎందుకు?"

"మూసుకోవే. చెయ్యి ఇలా పెట్టు. అగ్గిపుల్లతో ముడతాను. ఏ వేలో చెప్పు."

"చిన్నపిల్లలాటలా ఇప్పుడు?"

"ఇది?"

"చూపుడువేలు."

"ఇది?"

"నడిమివేలు. చక్కిలిగింత పెట్టకండి."

"ఇది?"

"ముట్టండి మరి."

"ఇది?"

"ముట్టందే ఏం చెప్పను?"

"..."

"ఏమండీ? ముట్టారా?"

"కళ్ళు తెరువు."

"అయ్యో! గుచ్చేస్తున్నారా!"

"పుల్ల విరిగింది. రెండు ముక్కలైంది. నీకు తెలియనే లేదు. చిటికెన వేలు కూడానా?"

"అది కూడా."

"ఎప్పట్నించి?"

"రెండు నెలలవుతోంది. మొదట తిమ్మిరనుకున్నాను. చెయ్యి కిందేసుకుని పడుకున్నానేమో అనుకున్నాను. రోజూ పొద్దున లేచి దులుపుకునేదాన్ని. ఒకరోజు వేడి పాలగిన్నె పట్టుకుంటే రెండు వేళ్ళు కాలాయి, రెండు కాలలేదు. అప్పుడు భయమేసింది. చూస్తే ఆ రెండే బొబ్బలెక్కాయి, కాలలేదనుకున్నవే."

"డాక్టరుకి చూపించుకోవాలని తట్టలేదా?"

"చూపించుకున్నాను."

"ఎప్పుడు!"

"గుండీలు కొనుక్కొస్తానని వెళ్ళానే..."

"కొట్టు మూసుందని ఉత్తచేతులతో వచ్చావు. నేను అనుకుంటూనే ఉన్నా, ఆ కొట్టువాడు పెళ్ళాం కాన్పుకి కూడా కొట్టు మూసినవాడు కాదు."

"మోచేతి దగ్గర నరం నలిగిపోతోందట. ఇన్నేళ్ళు విల్లు లాగీ లాగీ. విల్లు ముట్టకుండా ఆర్నెల్లుంటే, అప్పుడు చూద్దాం అన్నాడు."

"చూద్దాం అన్నాడా, తగ్గుతుంది అన్నాడా?"

"చూద్దాం అన్నాడు. అన్నప్పుడు నా మొహంకేసి చూడలేదు, బల్లమీద కాగితాలు సర్దుకున్నాడు."

"అందుకేనా ఈ మధ్య డ్రమ్ము సగంలో ఉండగానే వదిలేస్తున్నావు?"

"మీకు తెలుస్తోందా?"

"మొన ఎదురుగా నిలబడేవాడికి తెలియదా?"

"ఎప్పుడూ అనలేదే మీరు!"

"ఏమని అనను? ఇంకేదైనా పట్టుందా? ఉంటే చెప్పు. ఉండే ఉంటుంది. ఆ కొమ్ముతో చేసిన ఉంగరం, మీ నాన్నది, బొటనవేలికి పెట్టుకునేది. అదెందుకు మరి?"

"అది బొటనవేలి పట్టుకి. నారికి బొటనవేలు కొక్కెంలా వేసి, దాని గోరు మీద చూపుడువేలు తాళంలా బిగించాలి. మిగిలిన మూడు వేళ్ళకీ పని లేదు."

"పని లేదా? అంటే ఆ చచ్చిన రెంటితోనూ పని లేదు! ఇంతసేపూ ఆ సంగతి చెప్పవేం? అదే మన పట్టు! ఉంగరం ఎక్కడుంది? పెట్టె అడుగున ఉంటుంది, ఉండు, నేను తీస్తా..."

"తియ్యకండి."

"ఎందుకు? బాణం పక్కకి పోతుందా? పోతే నేను పక్కకి జరుగుతా. అదెంత పని!"

"అది కూడా ఉంది. ఆ పట్టుకి బాణం విల్లుకి ఇటుపక్కన పెట్టాలి. కానీ అది కాదు."

"మరేమిటి?"

"ఆ డాక్టరు నాకో కాగితం ఇచ్చాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా పట్టుకోమన్నాడు. ఆయన అటునించి లాగాడు."

"లాగితే?"

"నేను పళ్ళు బిగించి పట్టుకున్నానండీ. నిజంగా."

"ఇదిగో, మన ఆట ప్రకటన కాగితం. పట్టుకో."

"వద్దు."

"పట్టుకో. ఆయన డాక్టరు, నేను విల్లు. నాకు తెలియాలి. గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"లాగుతున్నా. ఇంకాస్త గట్టిగా..."

"ఇంతకంటే గట్టిగా నాకు రాదు."

"చిరగను కూడా లేదు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది."

"ఆ నరమే ఈ బలం కూడా ఇస్తుందట. ఉంగరం పెట్టుకున్నా తాళం వెయ్యాల్సిన వేళ్ళు ఇవేగా. తాళం పడదు. అయిపోయాయి. పట్టులన్నీ అయిపోయాయి."

"ఎవరూ? తలుపు కొట్టేదెవరు?"

"ఎవరేమిట్రా, నేనే. గడియెందుకు పెట్టుకున్నారు? పెళ్ళైన కొత్తా?"

"ఏం లేదక్కా. తను తయారవుతోంది."

"ఏదీ తయారైంది? జడ కూడా లేదు. ఏం మరదలా, మొహానికి సున్నం కొట్టినట్టుందేమిటి?"

"ఎండ వదినా."

"గదిలో ఎండా?"

"పొద్దున... పొద్దుటి ఎండ."

"బాగానే ఉంది. హాలు నిండింది. ముందు నాలుగు వరసలూ బడిపిల్లలే, పంతులమ్మ తీసుకొచ్చింది. కిచకిచలాడి చంపుతున్నారు. ఏరా, బుడగ ఎర్రదే పట్టుకో, పసుపుది వెనక వరసలకి కనిపించదు. అన్నట్టు నా కుర్చీకి శాలువా ఎవరు కప్పారు?"

"నేనే వదినా. మాసిందని."

"నా కుర్చీ మీద నీకింత ప్రేమ ఎప్పుడు పుట్టింది? సరే, ఉంచా. వీపుకి మెత్తగా ఉంది. ఇంకో పావుగంట. గంట కొడతాను."

"అక్కా..."

"ఏమిట్రా?"

"ఏం లేదు. వెళ్ళు."

"ఇద్దరూ దొంగపిల్లుల్లా ఉన్నారేమిటో ఇవాళ. పావుగంట!"

"ఆ చిల్లుకి వీపానించుకుని కూర్చుందండీ."

"గడియ వెయ్యి. నేను చెప్పేది విను. నాకు కడుపునొప్పి."

"ఇప్పుడా? ఎక్కడ?"

"ఎక్కడో ఒకచోట. అక్కకి అలా చెబుదాం. బుడగ ఆట తీసేసి, నువ్వు బస్తాకి నాలుగు బాణాలు వేసి దణ్ణం పెట్టి వచ్చెయ్యి. అది కూడా వద్దు. పిల్లలకి మన ముందు ఆడే గారడీవాణ్ణి ఇంకో పది నిమిషాలు ఆడమందాం."

"నూట మూడు జ్వరంతో బుడగ పట్టుకుని నిలబడ్డ మనిషి కడుపునొప్పంటే వదిన నమ్ముతుందా?"

"కాలు విరిగిందంటాను. ఏదో ఒకటి. ఆపుదాం."

"ఇందాక మార్చు అన్నారు. ఇప్పుడు ఆపు అంటున్నారు. ఏమైంది మీకు?"

"భయమేస్తోందే."

"ఎవరికి?"

"ఎవరికేమిటి, నాకే. అలా చూడకు."

"పద్దెనిమిదేళ్ళలో ఈ మాట మీ నోట వినలేదు. మొదటిరోజు కూడా. అప్పుడు నాకు చేతులు వణుకుతుంటే అక్కణ్ణించి నాకు కన్ను కొట్టారు, అంత జనంలో."

"కన్ను కొట్టలేదు. భయానికి కన్ను అదిరింది."

"అబద్ధం!"

"నిజం. నువ్వు సిగ్గుపడేసరికి ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"ఇన్నేళ్ళూ భయపడుతూనే నిలబడ్డారా?"

"లేదు. ఆ తరవాత భయం పోయింది. నీ చేతిలో విల్లుంటే నాకు మా ఇంట్లో కూర్చున్నట్టే ఉండేది. ఒక్కోసారి అక్కడ నిలబడి, రాత్రికి కూరేం వండుతావా అని ఆలోచించుకునేవాణ్ణి. పోయిన భయం మళ్ళీ వచ్చింది, అంతే."

"ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే. నీ వేలు సంగతి తెలిశాక."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే అన్నాగా! ఆపేద్దామే. నాకోసం ఆపు."

"ఆపితే మళ్ళీ ఎత్తనండీ. ఆర్నెల్లు అన్నాడు, తరవాత చూద్దామన్నాడు. అంటే విల్లు గోడకెక్కినట్టే. నాకు ఇంకేం వచ్చు చెప్పండి? చదువా, సంగీతమా? వంట చేస్తే మీరే ఉప్పెక్కువంటారు. ఆ నారి గడ్డానికి తగిలినప్పుడే నేను నేను. మిగతా టైమంతా ఎవరో ఒకరి భార్యని, ఎవరో ఒకరి మరదల్ని."

"విల్లు గోడకెక్కితే దుమ్ము దులుపుకుంటూ బతకొచ్చు. నా ఫొటో ఎక్కితే?"

"..."

"ఏడవకు. ఏడవకే, కాటుక కారుతుంది. నేను సరదాకన్నాను."

"సరదాకి కాదు. మీకు నిజంగా భయంగా ఉంది. మీ గొంతు అలా ఎప్పుడూ లేదు... ఆగండి."

"ఏమిటి?"

"ఆగండాగండి. ఒక్కమాట. నా వేలు చచ్చి రెండు నెలలైంది. అవునా?"

"అవును. నువ్వే చెప్పావుగా."

"రెండు నెలల్లో ఎన్ని ఆటలాడాం?"

"ఇప్పుడా లెక్కలెందుకు?"

"యాభై పైమాటే. చచ్చిన వేలితోనే ఆడాను కదా, ఈ పాత పట్టుతోనే? ఒక్కటైనా తప్పిందా?"

"..."

"తప్పిందా అని అడుగుతున్నా."

"గంట కొట్టేలా ఉంది అక్క."

"ఒక్కటీ తప్పలేదు! యాభై బుడగలు, యాభై పేలాయి. సగం డ్రమ్ములో వదిలినా పేలాయి. అంటే ఏమిటండీ? వేలికి తెలియకపోయినా చేతికి తెలుసు. భుజానికి తెలుసు. ముప్ఫై ఏళ్ళు లాగిన చెయ్యి, దారి తెలిసిన గుర్రంలా దానంతటదే ఇంటికి పోతోంది."

"పొద్దున పోలేదుగా."

"పొద్దున ఎందుకు పోలేదో ఇప్పుడు తెలిసింది. పట్టు మార్చాలా వద్దా అని ఆలోచిస్తూ లాగాను. నా బుద్ధి వేళ్ళలో దూరింది, చెయ్యి తడబడింది. బస్తా ముందు ఏముంది? ఏమీ లేదు. మీరు నిలబడితే తప్పదు. మీరు నిలబడితే నా ఒళ్ళంతా కళ్ళే. ఈ రెండు నెలలూ అలాగేగా జరిగింది!"

"వద్దు."

"పాత పట్టే. మూడు వేళ్ళ పట్టే. ఇక దీని ఊసెత్తను."

"వద్దంటున్నా."

"భయం నాది, మీకు అంటించాను. తప్పు నాదే. నా భయం పోయింది, చూడండి, చెయ్యి వెచ్చబడింది కూడా. ఒక్క ముక్క అనండి. యాభైలో ఒక్కటైనా తప్పిందా? తప్పలేదని మీ నోటితో మీరనండి, చాలు. వెళ్ళిపోదాం."

"..."

"అనడానికేమండీ?"

"జడ వేసుకో. జడ వేసుకుంటూ మాట్లాడు."

"మాట మార్చకండి. పోనీ, అనకండి. మీ వెనక నిలబెట్టే చెక్క బోర్డు దగ్గరికి రండి. యాభై చిల్లులూ గుప్పెడంత చోట ఉంటాయి, ఎప్పటిలా. అది చూస్తే మీకూ ధైర్యం వస్తుంది."

"బోర్డు దగ్గరికి వద్దు."

"తెర వెనకేగా, నాలుగడుగులు."

"వద్దన్నానా!"

"అరుస్తారేం? తలుపుకి అడ్డం నిలబడ్డారేం? జరగండి."

"అక్కడ లైట్లు నీ కళ్ళలోకి కొడతాయి కదా."

"కొడతాయి. ఎప్పుడూ ఉన్నదేగా."

"బోర్డు నీకు కనిపించదు. నేను కూడా సరిగ్గా కనిపించను. బుడగ ఒక్కటే కనిపిస్తుంది. ఉందా, పోయిందా. అంతే కదా నీకు తెలిసేది?"

"అంతే. రోజూ పోతోందిగా."

"పోతోంది. నేనే పోగొడుతున్నా."

"ఏం పోగొడుతున్నారు?"

"వేళ్ళ సందున గుండుసూది పెట్టుకుంటా. బాణం బోర్డుకి దిగిన చప్పుడు వినగానే గుచ్చేస్తా. నువ్వు దణ్ణం పెట్టి తిరిగేలోపు బాణం పీకేస్తా. మొదటిసారి, ఆ ఒక్కరోజుకే కదా అనుకున్నా. రేపటికి నీ చెయ్యి సర్దుకుంటుందనుకున్నా. రోజూ రేపటికనే అనుకున్నా."

"యాభైలో... ఎన్ని?"

"అన్నీ."

"మరి నా బాణాలు? అవెక్కడ దిగాయండీ?"

"నా చుట్టూ."